పాలు పొంగేలోపు

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది నలుగురు. పొయ్యి దగ్గర పీట మీద అమ్మమ్మ, బల్లకి అటు మామయ్య, ఇటు పిన్ని, తలుపు చాటున సగమే కనబడుతూ గువ్వ. పొయ్యి మీది పాలగిన్నెని కూడా కలుపుకుంటే అయిదుగురు. ఆ ఇంట్లో ఏ తగువుకైనా గడువు పెట్టేది ఆ గిన్నే.

గువ్వ అన్నది అమ్మమ్మ పెట్టిన పేరు. పదిహేనేళ్లొచ్చినా పిల్లకి గొంతు పెదవి దాటి రాదు.

ఆనాటి తగువు చిన్నది కాదు. ఊరి పురపాలక సంఘం దగ్గర ఈ ఏడాదికి మిగిలిన నిధి ఒక్కటే. అడిగేవి రెండు సంస్థలు. ఒకటి కొండ మీద పెద్ద దూరదర్శిని ఉన్న వేధశాల. నిధి రాకపోతే వచ్చే వానలకి దాని గోపురం కూలిపోతుంది. రెండోది ప్రార్థనామందిరం వాళ్లు నడిపే అనాథ పిల్లల ఆశ్రమం. నిధి రాకపోతే అద్దె కట్టలేక ఖాళీ చేయాలి. ఒకదానికి మామయ్య పెద్ద, ఇంకోదానికి పిన్ని. తోడబుట్టినవాళ్లు ఊరందరి ముందూ కొట్టుకోవడం బాగుండదని, ఇంట్లో ఏ పక్షం ఓడితే ఆ దరఖాస్తు సాయంత్రం లోపల వెనక్కి తీసుకోవాలని అమ్మమ్మ తేల్చేసింది.

గువ్వ శనివారాలు దూరదర్శిని దగ్గర గడుపుతుంది. ఆదివారాలు ఆశ్రమం పిల్లలకి జడలు వేస్తుంది. ఏది మూతపడినా ఆమెకి ఒక కన్ను పోయినట్టే.

అమ్మమ్మ పంచాయతీకి రెండే నియమాలు. పాలు పొంగేలోపు చెప్పాల్సింది చెప్పేయాలి. రెండోది ఇంట్లో ఎవరికీ గుర్తుచేయక్కర్లేదు. అన్నాచెల్లెళ్లు బస్సులో కిటికీ పక్క సీటు కోసం జుట్లు పట్టుకున్న నాటి నుంచీ నడుస్తున్నదే.

“నువ్వు మొదలెట్టరా,” అంది అమ్మమ్మ. “ముందు ఆ చక్రం అవతల పెట్టు.”

మామయ్య పొద్దున్నుంచీ వేలెడంత ఎర్ర చక్రానికి ఇరుసు బిగిస్తున్నాడు. దాన్ని జేబులో పడేసుకుని గొంతు సవరించుకున్నాడు. తుఫాను సంగతి నాలుగు రోజుల ముందే చెప్పి పడవలన్నిటినీ ఒడ్డుకి చేర్చింది ఆకాశంలో తిరిగే ఉపగ్రహమేనని, దాన్ని పంపిన రోజున కూడా డబ్బు గాల్లోకి విసిరేస్తున్నారని జనం ఆడిపోసుకున్నారని గుర్తుచేశాడు. గోపురం తిరిగేటప్పుడు ముసలి ఏనుగు బద్ధకంగా లేస్తున్నట్టు మూలుగుతుందని అంటే పిన్ని నవ్వు ఆపుకోలేకపోయింది.

“దేవుడికి భక్తులున్నారు చెల్లాయ్,” అన్నాడు చివరికి. “కానుకల పెట్టె ఉంది. దూరదర్శినిలో రూపాయి వేసేవాడెవడు? చుక్కలకి సర్కారు తప్ప దిక్కెవరు?”

పిన్ని సంచిలోంచి మెత్తటి గుడ్డ తీసి కళ్లద్దాలు తుడుచుకుంది. రాత్రంతా మేలుకున్న కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“భక్తులు శిఖరానికి రంగు వేయిస్తామంటే ఇస్తారు అన్నయ్యా. పిల్లల దుప్పట్లకి అడిగితే రేపు రమ్మంటారు. చుక్కలు ఎక్కడికీ పోవు. ఆకలి ఆగదు.”

అంతటితో ఊరుకోలేదు. ఆశ్రమంలో చేర్చుకునేటప్పుడు ఏ పిల్లనీ నీ దేవుడెవరని అడగరని, కొత్తగా వచ్చిన పసిది నిద్రలో వేలు పట్టుకుంటే తెల్లారేదాకా కదలకుండా కూర్చోవాల్సిందేనని చెప్పుకొచ్చింది. ఆ మాటకి మామయ్య కిటికీ వైపు తిరిగి బయటేదో వింత ఉన్నట్టు చూస్తూ ఉండిపోయాడు.

గిన్నెలో మీగడ ఉబ్బింది. అమ్మమ్మ గప్‌చుప్‌గా కాసిని నీళ్లు చిలకరించింది. తగువు బాగున్నప్పుడు ఆవిడ చేసే మోసం అది. కానీ రెండోసారి పాలు ఆగలేదు. బుసబుసా పొంగి పొయ్యిని ఆర్పేశాయి.

“అయిపోయింది. గువ్వా, ఇలా రా. ఎవరు నెగ్గారో నువ్వు చెప్పు.”

గువ్వ తలుపు చాటు నుంచి ముందుకొచ్చింది. మూడు మొహాలూ తన వైపే. మామయ్య అని చెబుదామంటే దుప్పట్లు కళ్లముందు ఆడుతున్నాయి. పిన్ని అని చెబుదామంటే ఆ ముసలి ఏనుగు. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

“పిల్లని బెదరగొట్టకే అమ్మా,” అన్నాడు మామయ్య.

“గోపురం కింద హాలు...” అంది గువ్వ.

“ఏంటి?”

“కింద హాలు ఖాళీగానే ఉందిగా. విరిగిన కుర్చీలు తప్ప ఏం లేవు. పిల్లలు అక్కడుంటే అద్దె ఉండదు. అప్పుడు నిధి మొత్తం గోపురానికే పెట్టొచ్చు. గోపురం బాగుంటే హాలు కురవదు.” ఊపిరి తీసుకుంది. “పొద్దుపోయాక పిల్లలు పైకెక్కి చూడొచ్చు కూడా.”

పుట్టి బుద్ధెరిగాక ఆమె ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. అన్నాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మామయ్యకి ముందు నవ్వొచ్చింది. పిన్ని లేచి వచ్చి గువ్వ బుగ్గ గట్టిగా గిల్లింది.

“ఇద్దరూ కలిసి ఒకే దరఖాస్తు పెట్టండి,” అంది అమ్మమ్మ, ఏదో ఆ ఆలోచన తనదే అన్నంత దర్జాగా. “హాల్లో ఎవరికెంత చోటో, పైన ఎవరి వేళలు ఎప్పుడో లోపలికెళ్లి తేల్చుకోండి. మీ అరుపులు నా పొయ్యి దగ్గర వద్దు.”

ఇద్దరూ పక్కగదిలోకి వెళ్లారు. ఈసారి తగువు ఇంకా రంజుగా ఉంటుందని గువ్వ మిగిలిన పాలు రెండు గ్లాసుల్లో పోసుకుని వెనకే పరిగెత్తింది. పిన్ని గ్లాసులందుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“ఎదుటివాళ్ల పక్షం వాదించాలన్న నియమం పొయ్యి దగ్గరే. ఇక ఎవరి తరఫున వాళ్లం మాట్లాడుకోవాలి, చుక్కలకి నేను, పిల్లలకి అన్నయ్య,” అంటూ తలుపేసింది.