ఆ పూట ఇల్లు ఆయనది

“ఇంకా బయల్దేరలేదా మీరు? పంతులుగారు వచ్చే వేళయింది!” వంటింట్లోంచి రమాసుందరి కేకేసింది.

“ఇదిగో, వెళ్తున్నా.” పూర్ణచంద్రరావు గొడుగు అందుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, పరాయి ఇంట్లోంచి జారుకుంటున్నవాడిలా చప్పుడు కాకుండా మెట్లు దిగిపోయాడు.

సంయుక్తకి ఒళ్లు మండింది. సత్యనారాయణపురంలోని ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఆర్నెల్లయింది. మావగారు పూర్ణచంద్రరావు ఒకప్పుడు మిలట్రీలో చేసిన మనిషంటే ఎవరూ నమ్మరు, నోట్లో నాలుక లేనివాడు. నిద్రలో మాత్రం “మీది ఏ ఊరు బాబూ?” అని ఎవరినో అడుగుతుంటాడు. మొన్న అద్దాల బీరువా చెక్కపెట్టెలో వస్తే, ఆ పెట్టె విరగ్గొట్టి పారేసేదాకా ఇంట్లోకి రానేలేదు. అంతా యుద్ధం తాలూకు బాధేనని భర్త భాస్కర్ చెబితే సరిపెట్టుకుంది. కానీ తద్దినం పూట ఇంటి పెద్దని తరిమెయ్యడమేమిటి, విడ్డూరం కాకపోతే!

“అత్తయ్యగారూ, అసలీ తద్దినం ఎవరిదండీ?”

“యుద్ధంలో పోయినాయనది.” రమాసుందరి గారెలు తిరగేస్తూ అంది. ఆవిడ నుదుటి మీద కుంకుమ రోజూకంటే పెద్దగా ఉంది.

“మరి మీ అబ్బాయెందుకు పెడుతున్నారు? తండ్రి ఉండగా కొడుకు తద్దినాలు పెట్టకూడదని మా నాన్నగారు అనేవారే!”

“నిప్పు పెట్టినవాడే పెట్టాలమ్మా. వీడికప్పుడు ఎనిమిదేళ్లు. కృష్ణ ఒడ్డున వీడి చేతే పెట్టించారు. మిలట్రీవాళ్లు పెట్టెలో తెచ్చి, తెరవొద్దన్నారు. మేం తెరవలేదు, అదే మా పొరపాటు.”

“అప్పుడు మావయ్యగారు ఎక్కడున్నారు?”

“ఎక్కడో ఆసుపత్రిలో, తెలివి లేకుండా. నెల తర్వాత వచ్చారు. నా బోసి చేతులకేసి చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. అప్పట్నుంచీ ఇంతే ఆయన.”

“పోయినాయనది ఏ ఊరండీ?”

“తెలిస్తే వాళ్లమ్మ కాళ్ల మీద పడేవాళ్లం కాదూ? ఇంక అడక్కు తల్లీ, గారెలు మాడతాయి.”

ఎవరో దిక్కులేని స్నేహితుడన్నమాట, అనుకుంది సంయుక్త. అలాంటివాడికి తద్దినం పెడుతుంటే మావగారు వీధులు పట్టుకు తిరగడం ఆమెకి అన్యాయంగా తోచింది. గబగబా కిందికి పరిగెత్తింది. సందు చివర ఆయన వన్ టౌన్ వెళ్లే ఆటో ఎక్కబోతున్నాడు.

“మావయ్యగారూ, ఆగండి! మీ ఇంట్లోంచి మీరెందుకు వెళ్లాలి?”

“ఈ ఒక్క పూటా ఇల్లు ఆయనదమ్మా. మిగతా ఏడాదంతా నేనే కదా ఉంటున్నది.”

“మీ స్నేహితుడే కదండీ. మీరుంటే ఆయనకీ తృప్తిగా ఉంటుంది.”

“స్నేహితుడా? ఆయన మొహమైనా ఎరగను నేను. ఆయన వాళ్లింటికి వెళ్లలేదు. నేను మాత్రం మా ఇంటికి వచ్చేశాను. అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా అదే గుర్తొస్తుంది.”

సంయుక్తకి ఏడుపు ముంచుకొచ్చింది. ఈ మనిషిని ఇంకో ఏడాది ఇలా వదిలేస్తే లాభం లేదనిపించి, చెయ్యి పట్టుకుంది. “ఎన్నాళ్లిలా పారిపోతారు? ఈసారి వచ్చి దగ్గరుండండి. గుండె బరువు దిగుతుంది. నా మాట వినండి.”

ఆయన ఆటోని పొమ్మన్నాడు. గొడుగు ఆమె చేతికిచ్చి వెనక్కి నడిచాడు.

గుమ్మంలో ఆయన్ని చూడగానే రమాసుందరి మొహం పాలిపోయింది. “ఎంత పని చేశావే సంయుక్తా!”

“పిల్లని అనకు సుందరీ. ఎప్పుడో ఒకప్పుడు నేనూ వినాలిగా.” ఆయన లోపలికి రాకుండా గడప అవతలే నిలబడ్డాడు.

ఏటా వచ్చే ముసలి పంతులుగారు పోయినేడు కాలం చేశారు. ఈసారి వచ్చింది కొత్తాయన, ఏమీ తెలియదు. తడి పంచెతో పీట మీద కూర్చున్న భాస్కర్ చేతిలో నువ్వులు వేసి, నీళ్లు పోశాడు. భాస్కర్ తలెత్తి గుమ్మంకేసి చూసి బిక్కచచ్చిపోయాడు. చేతిలో నీళ్లు ఒలికిపోయాయి.

“కంగారు పడకండి బాబూ.” పంతులుగారు మళ్లీ నీళ్లు పోశాడు. “గోత్రం?”

“మాదేనండీ. భారద్వాజ.”

“పోయినవారి పేరు?”

భాస్కర్ తల్లికేసి చూశాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

“పేరు చెప్పాలి బాబూ. లేకపోతే ఈ నీళ్లు ఎవరికి చేరతాయి?”

“చెప్పరా నాన్నా, ఫర్వాలేదు.” గడప అవతల నుంచి తండ్రి అన్నాడు.

“పూర్ణచంద్రరావు” అన్నాడు భాస్కర్.