పాటైపోయిన కేక

మా వీధి స్తంభానికి వినే యంత్రం పెట్టాక, ఏది సంస్కృతో ఏది కాదో అదే తేలుస్తోంది. సంస్కృతి అని తేలితే కళామందిరంలోనే జరగాలి. కాకపోతే వీధిలో ఉండనిస్తారు. చేపలమ్మే అప్పలనర్సమ్మ కేకలో రాగముందని దాన్ని ఆ యంత్రం సంస్కృతిలో కలిపేసింది.

పూర్వం ఆమె సందు మొదట్లో "సేపలోయ్" అని సాగదీస్తే, వంటింట్లో నా చెయ్యి దానంతటదే గిన్నె అందుకునేది. ఇప్పుడు పాఠం అప్పజెప్పినట్టు "చేపలున్నవి" అంటూ వెళ్ళిపోతోంది. నాకు వినపడనే వినపడదు.

ఆదివారం కళామందిరంలో ఆమె కార్యక్రమం పెడితే వెళ్ళాను. బయల్దేరేటప్పుడు అలవాటుగా గిన్నె పట్టుకొచ్చానని ముందు వరసలో కూర్చున్నాక గాని చూసుకోలేదు.

అప్పలనర్సమ్మ ఖాళీ తట్ట నెత్తిన పెట్టుకుని వేదికెక్కింది. "వంజరాలోయ్, కానాగంతలోయ్" అని ఎత్తుకుంది. అందరూ కళ్ళు మూసుకుని తలలూపుతున్నారు. నేను మాత్రం గిన్నెతో లేచి నిలబడిపోయాను.

నన్ను చూసి ఆమె రాగం ఆపేసింది.

"ఈయేళ సేపల్నేవమ్మా. రేపు పొద్దున్న తెత్తాను" అంది.

ఇది సంస్కృతి కాదంటూ మందిరం గోడకీ పెట్టిన వినే యంత్రం ఎర్రదీపం వెలిగించింది.