హాల్లో నడవని కారు

“నాన్న రిటైరై రోజంతా హాల్లోనే కూర్చుంటున్నారండీ. కాలక్షేపానికి మంచి రిమోట్ కారు చూపించండి,” అన్నాడు మా షాపుకొచ్చిన కొత్త పెళ్లికొడుకు. పక్కనే తండ్రి.

“కొత్తవాళ్లకి బ్యాటరీదే సుఖం. హాల్లోనే నడుపుకోవచ్చు,” అన్నాను.

“వద్దొద్దు, పెట్రోలుదే!” అన్నాడు కుర్రాడు.

“అది పొగ, గోల. ఇంట్లో పనికిరాదు, మైదానానికి మోసుకెళ్లాలి.”

“అదే ఇవ్వండి. ఎంతసేపు నడుస్తుంది?”

“ట్యాంకు నింపితే పావుగంట.”

కుర్రాడి ముఖం వాడిపోయింది. బేరాలు చెడగొట్టడంలో నా నోటికి సాటి లేదు.

పెద్దాయన అరలోని పెట్రోలు డబ్బాల వైపు వేలు చూపించాడు. “అవో నాలుగు కట్టండి.”

తర్వాత కొడుకు భుజం తట్టాడు. “మా పెళ్లైన కొత్తలో మీ తాతకి ఇలాంటిదొకటి కొనిపెట్టాలని నాకు తోచలేదురా. అందుకే నువ్వంత ఆలస్యంగా పుట్టావు.”