మబ్రూకా వేళ్లు

"వెళ్లమంటావా, ఆగమంటావా అమ్మా?" తెరచాప తాడు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు షాద్లీ.

మబ్రూకా రోజూ కూర్చునే చోటే, కోడలు నాజెత్ బార్లీ పిండి పిసికే పళ్లేనికి ఎదురుగా కూర్చుని, వేలికున్న వెండి ఉంగరాన్ని గిరగిరా తిప్పుతోంది. నాజెత్ కూనిరాగం తీస్తూ రెండు పిడికిళ్లతో పిండిని గుద్దుతోంది.

"వెళ్లిరా నాయనా. ఇవాళ నొప్పి జాడే లేదు."

"రేడియోలో గాలి మారొచ్చన్నారు," నసిగింది నాజెత్.

"రేడియో స్ఫాక్స్ పట్నం వాళ్లకి. మన కెర్కెన్నా దీవికి మా అమ్మ వేళ్లు చాలు!" నవ్వుతూ వెళ్లిపోయాడు షాద్లీ.

అది ఉత్త గొప్పలు చెప్పుకోవడం కాదు. నాజెత్ కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ చూస్తోంది. మబ్రూకా కీళ్లు పీకుతున్నాయన్న రోజున సముద్రం రేగాల్సిందే. అలాంటి రోజుల్లో, కదిలిస్తే తన కీళ్ల పట్టు వదులుతుందంటూ, కోడలి చేతిలోని నీళ్ల బకెట్టు కూడా తానే లాక్కునేది. పడవలవాళ్లందరూ ఆమె మాట విన్నాకే తెరచాప ఎత్తేవారు.

మధ్యాహ్నానికి ఆకాశం పచ్చబడింది. ఒక్కసారిగా గాలి విరుచుకుపడి, ఖర్జూర మట్టలను విరిచి పెరట్లో పడేసింది. పొరుగింటి వస్సీలా తలగుడ్డ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఏం మబ్రూకా, నీ వేళ్లకి ఇవాళ సెలవా? నువ్వు వెళ్లమన్నావనేగా మా ఆయనా పడవ తీశాడు! ఒక్క తెరచాపా కనబడటం లేదు!"

మబ్రూకా ఉంగరం తిప్పడం ఆపేసింది.

చప్పున నాజెత్‌కు వంటింటి అటక మీది జీలకర్ర సీసా గుర్తొచ్చింది. తన మాత్రలు దాచింది అందులోనే. పెళ్లయిన కొత్తలోనే ఆమెకు కీళ్లవాతం మొదలైంది. ఇదే జబ్బు వచ్చిన పక్కవీధి కోడల్ని పుట్టింటికి తోలేశారు. ఆ భయంతో ఎవరికీ చెప్పలేదు. అమ్మను చూసొస్తానని స్ఫాక్స్ వెళ్లి డాక్టరుకు చూపించుకుంది. ఈమధ్యే మందు పట్టింది. వేళ్లు ముడవలేక అరచేతులతో పిండిని నెట్టే రోజులు పోయాయి.

అత్తగారు ఆ మాత్రలు కనిపెట్టి మింగేసిందా? అందుకే ఆమె వేళ్లు మొద్దుబారాయా?

వంటింట్లోకి పరుగెత్తి సీసా బోర్లించింది. ఒక్క మాత్రా తగ్గలేదు.

రేవు నుంచి ఆడవాళ్ల ఏడుపులు గాలిలో తెగితెగి వినిపిస్తున్నాయి. ఆమె వచ్చి అత్తగారి కాళ్ల దగ్గర కూలబడింది.

"అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను, నిజం చెప్పండి. నా మాత్రలు గానీ వేసుకున్నారా?"

"ఏం మాత్రలే?"

"కీళ్లకి. దాచిపెట్టి వాడుతున్నాను. ఇప్పుడు నాకు నొప్పే తెలియడం లేదు."

మబ్రూకా కోడలి చేతులు రెండూ లాక్కుని, వాపు దిగిన కణుపులను ఒక్కొక్కటే తడిమింది. బయట ఏదో తలుపు విరిగి పడింది.

"ఒక్క మాట నాతో చెప్పకూడదుటే!" అంది, సముద్రం వైపు చూసే ధైర్యం లేక కళ్లు మూసుకుంటూ.

"నా వేళ్లు ఏనాడూ నొప్పి పెట్టలేదే. రోజూ నేను చూసింది నీ చేతులనే."