నంబరు మీది బొట్టు

"నొక్కొద్దు పెద్దాయనా, నొక్కొద్దు" అంటూ పవిత్ర, రిమోటు పట్టుకున్న క్రేను ఆపరేటరు గోవిందయ్య చెయ్యి పట్టుకుంది. చిత్తూరు గ్రానైటు ఫ్యాక్టరీలో క్రేన్లకు వారం కిందట రిమోట్లు బిగించిన అమ్మాయి ఆమె.

టీకి పోతూ గోవిందయ్య క్రేనుకు వేలాడదీసి వదిలిన బండరాయి పక్కకు తిరిగి, కూలీ మునికుమార్‌ను గోడకు అదిమేసింది. ఊపిరి ఆడుతోంది గానీ మనిషి కదలలేకపోతున్నాడు.

"వాడు ఆడ ఇరుక్కోని ఉంటే నొక్కొద్దంటావేం పాపా?"

"నీ చేతిలోది ఒకటో క్రేనుదా, రెండోదానిదా?"

గోవిందయ్య రిమోటు చూశాడు. నిన్న ఆయుధపూజకు రెండు రిమోట్లకూ గంధం పూసి కుంకుమ పెట్టింది తనే. నంబరు మీద బొట్టు గట్టిపడి ఉంది.

"గోకు" అంది పవిత్ర.

"సామి బొట్టు పాపా."

"తొందరగా సూడు మామా" అన్నాడు మునికుమార్, గోడ దగ్గరి నుంచి సన్నగా.

గోవిందయ్య గోటితో గోకాడు. రెండు. మునికుమార్‌ను అదిమిన రాయి ఒకటో క్రేనుది. రెండో క్రేనుకు వేలాడుతున్న రాయి కింద, లారీలో ఇద్దరు తాళ్లు కడుతున్నారు.

ఆ రిమోటు ఆపేసి, బల్ల మీదున్న ఇంకో రిమోటు తెచ్చాడు. దాని బొట్టూ గోకి, అంకె చూసుకుని, మెల్లగా బటన్ నొక్కాడు. రాయి జానెడు జరిగింది.

మునికుమార్ గోడ వెంట జారి కూలబడ్డాడు. "నిన్న దానికి బొట్టు పెట్టి ఏం మొక్కినావు మామా?"

"మీకెవురికీ ఏం కాకూడదని."

గోవిందయ్య గోటిలో ఇరుక్కున్న కుంకుమ తీసి, వాడి నుదుటికి అద్దాడు.