ఇరవయ్యో పొయ్యి

“నేను వెళ్ళనంటే వెళ్ళను. కొడుకు ఉండగా వేరే వండుకునే గతి నాకేం పట్టింది?” గులందామ్ మళ్ళీ అదే మాట అంది.

“ఒక్కరోజేనమ్మా! రేపు జనాభా లెక్కలామె వస్తుంది, చూస్తుంది, పోతుంది. వెనకగదిలో నీ కుంపటి, నీ గిన్నె కనబడితే చాలు, ఇంకో కుటుంబం కింద రాసుకుంటుంది.” సఫర్ అలీ గొంతు పెరుగుతోంది.

కొండ మీది తంగెబాదామ్‌లో పంతొమ్మిది కుటుంబాలే మిగిలాయి. ఇరవై ఉంటేనే ఊరికి పంచాయతీ. లేకపోతే కొండ కింది ఊళ్ళో కలిపేస్తారు. మంచు తీసే బండి ఇటు రాదు. గులందామ్ చక్కెర జబ్బుకు సూది వేసే ఆరోగ్య కేంద్రానికి తాళం పడుతుంది. అయినా ఆమెకు ఊరి నోరంటేనే ఎక్కువ భయం.

“ఊరి రొట్టెల పొయ్యి దగ్గర ఆడవాళ్ళు ఊరుకుంటారా? ముసలిదాన్ని మూలగదిలోకి నెట్టేశారని నవ్వరూ?”

“నేను వెళ్తాను,” అంది మాహ్‌రుఖ్, అక్రోటు కాయలు కొడుతూ తలెత్తకుండానే. “పాప సమన్‌ని తీసుకుని.”

తల్లీ కొడుకులిద్దరూ అటు తిరిగారు. కోడలు అడక్కుండా నోరు విప్పి చాలా కాలమైంది.

“కానీ అత్తయ్యా, నాకు అబద్ధం చెప్పడం రాదు.”

“నీ మొహం! అడిగినప్పుడు అవునను. దానికో చదువు కావాలా?”

సఫర్ అలీ పెద్దగా నవ్వాడు. “చూశావామ్మా, ఊరంటే నీకన్నా దానికే ప్రేమ!”

ఆ సాయంత్రమే మాహ్‌రుఖ్ సామాను మోయడం మొదలుపెట్టింది. కుంపటి, గిన్నెలు, టీ కాచే సమోవర్. తర్వాత పరుపులు. కూతురి స్కూలు సంచి. ఆఖరికి కుట్టుమిషను కూడా.

“ఒక్కరోజు నాటకానికి ఇంత సంసారం ఎందుకే తల్లీ?”

“లెక్కలామె నమ్మాలి కదత్తయ్యా.”

ఎంత తెలివి అనుకుంది గులందామ్. మిషను జరిపిన చోట గోడ మీద పాత మరక బయటపడింది. పోయిన చలికాలంలో ఉప్పెక్కువైందని సఫర్ అలీ విసిరికొట్టిన వేడి చారు. ఆ రోజు నుంచీ తండ్రి గొంతు లేస్తే సమన్ తలుపు చాటుకు పోతుంది. మగాడన్నాక కోపం రాదా అని అప్పుడు కోడలికి నచ్చజెప్పింది తనే. గులందామ్ మరక మీంచి చూపు తిప్పుకుంది.

మర్నాడు లెక్కలామె వెనకగదిలో కూర్చుని టీ తాగింది. చుట్టూ చూసింది.

“నేల మీద ఒకే భోజనాల గుడ్డ పరుచుకుని కలిసి తినేవాళ్ళంతా ఒక కుటుంబం, అక్కా. మీరు నిజంగానే వేరే తింటున్నారా?”

గుమ్మం పక్క నుంచి గులందామ్ లోపలికి తొంగిచూసింది.

“నిజంగానే. నేనూ, నా కూతురూ. పెద్దను నేనే.” మాహ్‌రుఖ్ గొంతు తొణకలేదు.

‘రాదు రాదంటూనే ఎంత బాగా ఆడింది!’ గులందామ్ ముక్కు మీద వేలేసుకుంది.

లెక్క ఇరవైకి తేలింది. పంచాయతీలో తన కుర్చీ నిలిచిందని సఫర్ అలీ వీధంతా మిఠాయి పంచాడు. సాయంత్రం తమ్ముళ్ళనీ మరదళ్ళనీ భోజనానికి పిలిచాడు. హాల్లో పొడవాటి గుడ్డ పరిచారు. ముందున్న ఖాళీ చోటు చూసుకుని అతను కేకేశాడు.

“మాహ్‌రుఖ్! నాటకం అయిపోయింది. ఆ గిన్నెలు ఇటు పట్రా, వడ్డించు!”

ఆమె వచ్చింది, గిన్నెలు లేకుండానే. ఒక చేతిలో కూతురి చెయ్యి ఉంది. చెప్పులు విప్పలేదు, గడప దాటలేదు. మాహ్‌రుఖ్ అందరినీ ఒకసారి చూసి, మెల్లగా అంది.

“నేను లెక్కలామెకు అబద్ధం చెప్పలేదు.”