ఏ భాగంలో ఉంది?

"నీలవేణి మొగనికి విషం పెట్టిందని ఏ భాగంల ఉంది? నంబరు చెప్పుర్రి. లేకుంటే మీ మాట ఊహల పేజీకే పోతది."

ఆరువందల భాగాల ఆన్‌లైన్ నవలకు అభిమానులు నడిపే వికీలో ఓంప్రకాశ్ గారి తీర్పు ఇది. నీలవేణి ఆ నవల నాయిక. కాగితం మీద కూడా లేని ఆ ఆడపిల్ల పరువు కోసం ఆయన ఒక్క వారంలోనే పదకొండు మంది నోళ్లు మూయించారు.

అంతలో ధర్మపురి నుంచి పెళ్లికొడుకు తరఫు వాళ్ల ఫోన్ వచ్చింది. సంబంధం ఖాయం చేసుకునే ముందు పిల్ల గురించి వాడకట్టులో ఒక పెద్దమనిషిని అడగడం రివాజు. ఎదురింటి మమతారాణి గురించి అడిగారు.

"పిల్ల మంచిదే గని..." అన్నారాయన. "కరీంనగర్ల నౌకరి. పొద్దుగూకినంక ఎవలదో బండి మీద దిగుతదట. నేనైతే చూడలే. అందరు అంటుండ్రు."

ఇంత నిష్పక్షపాతంగా మాట్లాడి, ఫోన్ పెట్టేసి, మళ్లీ నీలవేణిని కాపాడే పనిలో పడ్డారు.

మూడో రోజు సంబంధం తప్పిపోయింది. ఆ సాయంత్రం మమతారాణి ఆయన ఇంటికి వచ్చింది. ఏడుస్తుందేమోనని ఆయన ఓదార్పు మాటలు సిద్ధం చేసుకున్నారు. ఆమె ఏడవలేదు. తన ఫోన్ ఆయన ముందు పెట్టింది. తెర మీద ఆయన వికీయే ఉంది.

"అన్నా, గీ నీలవేణి పేజీ రాసింది నేనే. ఆమెను ఎవలేమన్నా నువ్వు ఆధారం అడుగుతుంటే ఎంత సంబురపడ్డనో."

ఓంప్రకాశ్ కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు.

"నువ్వన్న మాట ధర్మపురోళ్లు చెప్పిండ్రు. నేను బండి దిగింది ఏ భాగంల ఉందో, జర నంబరు చెప్పు."